సుఖమును శాంతియు: మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు చరిత్రము

మనము మాటలాడునప్పుడు సుఖము, సంతోషము, ఆనందము, శాంతి యను పదముల నొకదానికి మాఱుగా నొకదానిని వాడుచుందుము. కడుపునిండ విందు గుడిచినవాఁడును సుఖముగా నున్నాననును. కొడుకునకు వివాహము చేసినవాఁడును ఆనందముగా నున్నాననును. వ్యాజ్యము గెలిచి యింటికి వచ్చినవాఁడును మనశ్శాంతి గలిగినదనును. వాడుకమాటలకు శాస్త్రము కట్టుట మా యుద్దేశము గాదు. కాని మన పూర్వులు వీని నన్నిటిని నొక్క మూటఁ గట్టలేదని మాత్రము చదువరులకు జ్ఞాపకము చేయుచున్నాము. తార్కికులు మనస్సున కనుకూలముగాఁ దోఁచునదే సుఖమని చెప్పి, అది క్షణికమని తేల్చిరి. పతంజలి సుఖము ననుభవించినవాని వెంట దానియందలి మమకారము విడువక వచ్చునని హెచ్చరించి, సంతోషమును శౌచతపస్సులతోఁ గూడ నియమములలోఁ జేర్చెను. అనఁగా నది మనకుఁ గలుగునది గాదు, మనము చేయవలసినది, ఉన్నదానితోఁ దృప్తినొందుట. ఆ గొప్ప మాటను మన తెలుఁగువారము పండుగనాఁటి యుల్లాసమునకు దింపివైచితిమి. కఠోపనిషత్తులో యముఁడు ప్రియమైనది వేఱు, మేలైనది వేఱని నచికేతునకు బోధించెను. భగవద్గీత సుఖమునే మూఁడు తెగలు చేసి, మొదటఁ జేదై తుదకు మేలగుదానిని పై తెగగా నెన్నినది. మఱియొకచోట నెమ్మది లేని మనస్సునకు సుఖమే దొరకదని చెప్పినది.

ఈ భేదమును గ్రంథమునందుఁ జదివి యొప్పుకొనుట సులభము. ఒప్పుకొన్నవారిలో నెందఱు దాని నెఱిఁగినవారో చెప్పుట కష్టము. కాఁబట్టి సుఖమును, ఆనందమును, శాంతిని వేఱువేఱుగా ననుభవించి, యొకటి పోయిన తరువాతనే వేఱొకదానిని కనుఁగొనిన యొక పురుషుని చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

దేవేంద్రనాథ ఠాకూరు 1817 వ సంవత్సరము మే నెల 15 వ తేదిని కలకత్తాలోని జోడాసాంకో గృహమునఁ బుట్టెను. తండ్రి ద్వారకానాథుఁడు. పట్టు, నీలిమందు, నేలబొగ్గు, పొగయోడలు మొదలైన వర్తకములలోఁ జేయి పెట్టి దొరలతో సమానముగా వ్యాపారము నడపిన యా కాలపు బంగాళీయులలో నాతఁడే మొదట నెన్నఁదగినవాఁడు. 1834 లో నొక యింగ్లీషువానితోఁ గలసి కార్ టాగూర్ కంపెనీని స్థాపించెను. బేల్‌గాఛియాలోని యాతని తోటలో జరిగిన విందులను గూర్చి నగరమంతయుఁ జెప్పుకొనెడిది. దొరలాతనిని ప్రిన్సు అని పిలిచిరి. అట్టి యింట జ్యేష్ఠపుత్రుఁడై పుట్టిన బాలునకుఁ గావలసినదేదియు లేకపోలేదు. బాల్యమున రామమోహన రాయల వారి పాఠశాలలోఁ జదివెను. వారి తోటలో నుయ్యెల నూఁగెను. ఆ మహాపురుషుఁడు బాలుని నూఁచి, పిమ్మటఁ దాను కూర్చుండి బాలునిచేత నూఁపించుకొనెడివాఁడఁట. తరువాత హిందూ కళాశాలలోఁ బ్రవేశించెను. పదునాఱు పదునేడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ధనికుల యింటి కుమారులు సాధారణముగాఁ బట్టుదారినే యాయనయుఁ బట్టెను. ఆ భాగమును తన స్వీయచరిత్రలో నాయన దాఁచిపెట్టలేదు. తాను భోగములలో మునిఁగియుంటినని స్పష్టముగా నొప్పుకొనెను.

ఆ బాలుని బెంచినది పితామహి యలకసుందరి. ఆమె ద్వారకానాథునకు దత్తత వచ్చిన తల్లి; నియమనిష్ఠలు గల వైష్ణవురాలు. 1835 లో నామెకు మరణకాలము సమీపింపఁగా, నాఁటి దేశాచారమును బట్టి గంగయొడ్డునకుఁ గొనిపోయిరి. ప్రాణమున్న మనుష్యుని మృతికై నదీతీరమునఁ బడవేయు నీ యాచారమును దలఁచుకొన్న మాకు నేఁటికిని కంపము గలుగుచున్నది. ఆ వృద్ధురాలికి సైత మిది యిష్టము లేదు. ద్వారకానాథుఁ డపుడు దేశాంతరమున నుండెను. కుమారుఁ డింట నున్నయెడల నన్నిట్లు తేనిచ్చియుండఁడని యామె వాపోయెను. మూఁడు రాత్రు లొక పెంకుటింటి సాలలో నుంచిరి. మూఁడవ రాత్రి దేవేంద్రనాథుఁడు దగ్గఱనే యొక ముతక చాపమీఁదఁ గూర్చుండియుండెను. చంద్రోదయమైనది. సమీపమున శ్మశానము. ఆమె చెవిని బడునట్లుగా బంధువులు భగవన్నామసంకీర్తనము చేయుచుండిరి. ఆ సమయమున నా పదునెనిమిదేండ్ల యువకునకు హఠాత్తుగా నైశ్వర్యమునందుఁ బూర్తిగా విరక్తి గలిగినది. రత్నకంబళము లన్నియు హేయములుగాఁ దోఁచినవి. తాను గూర్చున్న చాపయే తనకుఁ దగిన యాసనమని తోఁచినది. అంతకుముం దెన్నఁడు నెఱుఁగని యానందము మనస్సును నింపినది. ఆ రాత్రి యింటికి వచ్చి నిద్రపోలేక గడపెను. మఱునాఁ డామె గంగలోఁ బ్రాణము విడిచెను.

సాధారణముగా మనము చదువు భక్తుల కథలలో నిట్టి రాత్రితోఁ గథ ముగియును. అటుపై భక్తుఁడు భక్తుఁడే. దేవేంద్రనాథుని చరిత్ర మాదరణీయమగుట కిదియే కారణము: ఆ యానందము నిలువలేదు. శ్రాద్ధము మొదలైన తొందరలు తీఱిన తరువాత నాయన దానిని మరలఁ బొందఁగోరెను, అది రాలేదు. వెదకినకొలఁది దూరమైనది. సుఖములయందు రుచి పోయినది, వానికి మాఱుగా వచ్చిన యానందమును బోయినది. ఒకనాఁ డింటిలోఁ గూర్చుండి, ఎవ్వరేమడిగిన నది యిత్తునని ప్రకటించి, తన నిలువుటద్దములను, చిత్రపటములను, జలతారు దుస్తులను అడిగిన జ్ఞాతి కిచ్చివైచెను. ఇచ్చినందువలన మనస్సు తేలికపడలేదు. మధ్యాహ్నవేళలఁ గలకత్తాకు వెలుపలనున్న వనస్పతితోఁటకుఁ బోయి యొంటరిగాఁ గూర్చుండెడివాఁడు. మిట్టమధ్యాహ్నపు టెండ సైత మాయన కన్నులకు నల్లగాఁ గానవచ్చెడిదఁట.

ఇచటఁ గొంచెము నిలువవలెను. విషయసుఖము నశించునని ప్రతి వేదాంతపుస్తకమును జెప్పును. గంగయొడ్డునఁ గలిగిన యానందము విషయసుఖము గాదు. అద్దములవలననో, యన్నమువలననో వచ్చినది గాదు. అయినను వచ్చిపోయినది, పోయి, తనవెనుక మునుపటికంటె నెక్కువ దుఃఖమును విడిచినది. ఉపనిషత్తులు పరబ్రహ్మమునే యానందమని చెప్పునప్పు డీ వచ్చిపోవు పొంగును ఉద్దేశింపలేదని మా యభిప్రాయము. రాత్రి యొక్క తీపిని మరలఁ గోరువాఁడు విందును మరలఁ గోరువానివంటివాఁడే. వస్తువు మాఱినదిగాని వాంఛ మాఱలేదు. దేవేంద్రనాథునకు నీ సంగతి తెలియుటకు మూఁడు నాలుగేండ్లు పట్టినది. మన కాలమున నొక భజనలోఁ గన్నీరు గార్చి, మఱుసటివారము కన్నీరు రాలేదని బెంగగొను సజ్జనులను మే మెఱుఁగుదుము. వారి కీ భాగము ప్రత్యేకముగాఁ బనికివచ్చును.

ఆ దినములలో నాయన యూనియన్ బ్యాంకులోఁ బినతండ్రి రమానాథునకు సహాయుఁడుగాఁ బని చేయుచుండెను. ఒకనాఁ డేదో సంస్కృతగ్రంథమునుండి చినిఁగిన యొక యాకు గాలికిఁ గొట్టుకొనిపోవుచుఁ గంటఁబడినది. చదివిన నర్థము కాలేదు. దానిని తమ యింటి పండితునకిచ్చి బ్యాంకునకుఁ బోయెను గాని, యచట మనస్సు నిలువక, యనుమతి గైకొని త్వరగా నింటికి వచ్చెను. పండితునివలనఁ గాక, రామమోహన రాయల వారి సహచరుఁడైన రామచంద్ర విద్యావాగీశునివలన నర్థము తెలిసినది. అది యీశోపనిషత్తు మొదటి మంత్రము. జగత్తంతయు నీశ్వరునిచే నావరింపఁబడియున్నదనియు, ఆయన యిచ్చినదాని ననుభవింపుమనియు, పరుల సొమ్ము నాశింపవలదనియు దాని భావము. ఆయనకు మిక్కిలి నచ్చినది రెండవ మాట. అంతవఱకు లోకమును విడుచుటయే మార్గమని యాయన తలఁచుచుండెను. ఇచట విడువుమనియు ననుభవింపుమనియు నొక్క మంత్రమే చెప్పుచున్నది. చంద్రునితోఁ గలిగిన యానందమువలె నిది యుప్పొంగలేదు. కాని యిది మరల పోలేదు.

తరువాతి కార్యములను త్వరగాఁ జెప్పెదము. అవి యనేకచోట్ల వ్రాయఁబడియున్నవి. 1839 అక్టోబరులోఁ బదిమందితో నొక సభను గూర్చెను. అదియే తత్త్వబోధినీ సభ యయ్యెను. 1843 లోఁ దత్త్వబోధినీ పత్రిక వెలువడినది; అక్షయకుమార దత్తు దానికి సంపాదకుఁడు. ఆ సంవత్సరమే డిసెంబరు 21 వ తేదిని, పౌషమాసము ఏడవనాఁడు, ఇరువదిమందితోఁ గూడ విద్యావాగీశునియొద్ద బ్రాహ్మధర్మదీక్షను గైకొనెను. రామమోహన రాయల మరణానంతరము కొడిగట్టిన సమాజదీపము మరల వెలిఁగినది.

1846 ఆగస్టు 1 వ తేదిని ద్వారకానాథుఁడు లండనునగరమున మృతినొందెను. వానకాలమున భార్యయగు శారదాదేవితోను బిడ్డలతోను గంగమీఁదఁ బడవలోఁ బోవుచుండఁగా దేవేంద్రనాథున కీ వార్త యందినది. విగ్రహపూజతోఁ గూడిన శ్రాద్ధము చేయనని యాయన నిశ్చయింపఁగా బంధువులు మండిపడిరి. తమ్ముఁడు గిరీంద్రనాథుఁడు పాతపద్ధతిని జరపెను. దేవేంద్రనాథుఁడు తన నమ్మకముచొప్పున దానములు మాత్రము చేసెను. జ్ఞాతు లనేకు లాయనతోఁ బంక్తిభోజనము మానిరి.

దానికంటెఁ బెద్ద పరీక్ష 1847 చివరను, 1848 మొదటను వచ్చినది. కార్ టాగూర్ కంపెనీ కూలినది. యూనియన్ బ్యాంకును గూలినది. ఆయన వ్రాసికొనిన లెక్కప్రకారము కంపెనీ యొక కోటి రూపాయ లచ్చుకొనవలసియుండెను, రావలసినది డెబ్బదిలక్షలు, తక్కువ ముప్పదిలక్షలు. ద్వారకానాథుఁడు దూరదృష్టి గలవాఁడు. 1840 లోనే కొన్ని జమీను లప్పులవాండ్ర చేతికిఁ జిక్కకుండునట్లు ధర్మకర్తల పరముచేసి పత్రము వ్రాయించి పెట్టెను. చట్టప్రకార మా యాస్తిని ముట్టుట కెవ్వరికి నధికారము లేదు. అప్పులవాండ్రు సభఁ జేరఁగా కంపెనీవారి పక్షమున నొక దొర యీ సంగతి విన్నవించెను. అది విని వారి ముఖములు చిన్నవోయినవి. అపుడు దేవేంద్రనాథుఁడు తమ్మునితో నాలోచించి, యా ధర్మకర్తల పత్రము నడ్డము పెట్టుకొనమనియు, అదియు స్వాధీనము చేసికొనవచ్చుననియుఁ దెలియఁజేసెను. సభలోనివారు నిర్ఘాంతపోయిరి, కొందఱి కన్నులు చెమర్చినవి. వారు సర్వమును దీసికొని, కుటుంబపోషణమునకు సంవత్సరమునకు 25,000 రూపాయ లేర్పఱచిరి. ఇంటికి వచ్చుచు నాయన, సర్వస్వమును దక్షిణగా నిచ్చు విశ్వజిద్యాగమును జేసితిమని తమ్మునితో నన్నాఁడఁట. సేవకుల సంఖ్య తగ్గెను. బండ్లు గుఱ్ఱములు వేలమునకుఁ బోయినవి. తాను వైరాగ్యమును గోరితిననియు, లోకము తనంతట వచ్చి దాని నిచ్చినదనియు నాయన తలపోసెను.

ఇచట మాకు నొక యాక్షేపము దోఁచుచున్నది. దానిని దాఁచుట న్యాయము గాదు. సంవత్సరమునకు 25,000 రూపాయలు గలవానికి శాంతి దుర్లభమా యని బీదవాఁ డడుగవచ్చును. ఆ కాలమున నది యెంతో గొప్ప ధనము. జమీనులును క్రమముగా మరల నాయన నిర్వాహమునకే వచ్చినవి. మరణమువఱకు నాయన జమీందారుగానే యుండెను. ఆ రాబడి ఱైతుల చెమటనుండి వచ్చినదే. కాఁబట్టి యాయన బిచ్చగాఁడయ్యెనని చెప్పువా రసత్యము చెప్పుచున్నారు. మేము చెప్పఁగోరున దింతకంటెఁ జిన్నది. చట్టము చాటున నిలిచి దాఁచుకొనఁదగిన సొత్తు నాయన దాఁచుకొనలేదు; ఆ సంగతి యెవ్వరును నడుగకయే యిచ్చెను; ఇచ్చిన దినమునఁ గలఁతనొందలేదు. కొన్ని సంవత్సరములు కూర్చుండి యొక్కొక్క ఋణమును దీర్చెను. నడుమ నొక ఋణదాత వారంటు తెచ్చి పట్టించిన దినమును గలదు. తండ్రి బీదల సాయమునకై యొక ధర్మసంఘమునకు లక్షరూపాయ లిత్తునని వాగ్దానము చేసి యీయకయే చనిపోఁగా, దానిని సైతము వడ్డీతోఁ జెల్లించెను. పద్దెనిమిదేండ్ల ప్రాయమున నద్దము లిచ్చివేసిననాఁడు తప్పని కలఁత, ముప్పదియేండ్ల ప్రాయమున నిల్లంతయు నిచ్చిననాఁ డేల కలుగలేదు? మొదటిసారి యాయన యిచ్చినది పోయిన యానందమును దిరిగి పొందుటకు. రెండవసారి యిచ్చినది బాకీ కాఁబట్టి.

1848 లోనే యుపనిషద్వాక్యములనుండి బ్రాహ్మధర్మ మను గ్రంథమును గూర్చెను. తరువాతి కాలమున సమాజములోనే తగవులు పెరిఁగినవి. ఈశ్వరుని గుణములను నిశ్చయించుటకుఁ జేతు లెత్తించి యోటు లెక్కపెట్టినవారు సైత ముండిరి! గిరీంద్రనాథుఁడు 1854 లో మృతినొందెను. ఇంటి చిక్కులును సభ చిక్కులును గలసి విసిగింపఁగా, 1856 అక్టోబరులో నాయన పడవనెక్కి కాశికిఁ బోయెను; అటనుండి ఢిల్లీ, అమృతసరముల మీఁదుగా 1857 వేసవి మొదటికి సిమ్లా చేఱెను. కొలఁది దినములలోనే సిపాయీల తిరుగుబాటు పుట్టినది. గూర్ఖా పటాలము తిరుగఁబడినదని వదంతి పుట్టి సిమ్లాలోని జనులు పాఱిపోయిరి. ఆయనయుఁ గొన్నిదినములు దగ్శాయికిఁ దొలఁగి మరల వచ్చి, పిమ్మట నింకను నుత్తరపుఁ గొండలలోనికిఁ బోయెను. ఉదయమున ధ్యానము, పగలు గ్రంథపఠనము, రాత్రి కిటికీ తెఱచికొని చలిలోఁ గూర్చుండుట. అడవిదారులలో మనుష్యదృష్టి పడని చోట్లఁ బూచిన పువ్వులను జూచి, యెవ్వరి నిమిత్త మిన్ని రంగులని యాశ్చర్యపడెను. యౌవనమున వెదకి వెదకి యలసిన యానంద మీ కాలమున నడుగకయే దినదినము వచ్చెడిది. రెండేండ్లు గడచినవి. అచటనే యుండిపోవ నిశ్చయించుకొనెను.

ఈ నిశ్చయము నెఱవేఱలేదు. 1858 శరత్కాలమున నొక లోయలోనికి దిగి, వంతెనపై నిలిచి నదిని జూచుచుండెను. ఇంత నిర్మలమైన నీరు తన నైర్మల్యమును బోఁగొట్టుకొనుటకై క్రిందికేల పరుగెత్తుచున్నదని తలఁచెను. క్రిందికిఁ బోయినకొలఁది బురదయు మలినమును దానిఁ గలియును. కాని నేలను దడుపుటకు, పైరులను బండించుటకు నది దిగక తీఱదు. అంతలోఁ దన యంతర్యామి, నీవును గర్వము విడిచి యీ నదివలె దిగిపొమ్మని యాజ్ఞాపించినట్లయినది. ఆయనకు భయము గలిగెను. మరల నా గొడవలలోనికా యని దుఃఖించెను. రాత్రి నిద్ర పట్టక గుండె దడదడఁ గొట్టుకొనసాగెను. ఇంటికిఁ బోవుటకు సన్నాహము చేయుమని పరిచారకుఁడగు కిశోరితోఁ జెప్పిన తరువాతనే యా దడ తగ్గినది. నవంబరులోఁ గలకత్తా చేఱెను. ఆనందమున్న తావును విడిచి వచ్చిననాఁడే యాయనకు శాంతి లభించినదని మేము తలఁచుచున్నాము. ఆయన స్వీయచరిత్ర మా నలువదియొకటవ యేఁటితో నాగిపోవుట యాకస్మికమని మాకుఁ దోఁచదు.

పోయి చేఱినచోట నెమ్మది యేమియుఁ గాచుకొనియుండలేదు. ఆయన లేని కాలమున సమాజమునఁ జేరిన కేశవచంద్రసేనుఁ డాయనకుఁ బుత్రప్రాయుఁడయ్యెను. 1862 లో నాతనిని ఆచార్యునిగా నియమించెను. ఆ కేశవచంద్రుఁడే 1864 లోఁ జెన్నపురికి వచ్చెను. అచట వేదసమాజము పుట్టినది. యజ్ఞోపవీతమును గూర్చి, కులమును గూర్చి యిరువురకు నభిప్రాయభేదములు వచ్చి 1866 లో యువకులు విడిపోయిరి. ఆ వివాదమున నాయనదే తప్పని మా నమ్మకము. కులవిషయమున నాయన వేయవలసిన యడుగు వేయలేదు. అయినను విడిపోయినవారిని ద్వేషింపలేదు. 1867 లో మహర్షి యని బిరుద మిచ్చి గౌరవించినవారు విడిపోయిన యా పక్షమువారే.

ఆయన శాంతికి మూల్యము చెల్లించినవారు మఱియొకరున్నారు. పెక్కుమంది బిడ్డలను గన్న శారదాదేవి సగము జీవితము భర్త రాకకై యెదురుచూచుటతోనే గడపెను. ఒకప్పు డాయన హిమాలయములం దుండఁగా రుషియావారు దండెత్తివచ్చుచున్నారని వదంతి పుట్టినది. ఇంటిలోని పెద్దలు తన భయమును లెక్కపెట్టకపోఁగా, ఆమె చిన్నకొడుకైన రవీంద్రనాథునిచేతఁ దండ్రికి జాబు వ్రాయించెను. రుషియావారిని తానే తఱిమివేసెదనని తండ్రి ప్రత్యుత్తరము వ్రాసెను. బాలునకు ధైర్యము గలిగినది. తల్లి కెంత ధైర్యము గలిగినదో యెవ్వరును వ్రాసిపెట్టలేదు. ఆమె 1875 లో మరణించెను.

1863 లో బోలుపూరు దగ్గఱ నెఱ్ఱమట్టి బయలిలో, రెండు ఏడాకుల పాలచెట్ల నీడను జూచి ముచ్చటపడి, రాయిపూరు సింహవంశపు జమీందారులయొద్ద నిరువదిబిగాల నేలను శాశ్వతపుఁ గౌలునకుఁ బుచ్చుకొనెను. అచటఁ గట్టిన యింటికి శాంతినికేతన మని పేరిడెను. సుఖనికేతన మనియు నానందనికేతన మనియుఁ బేరు పెట్టలేదు. 1888 లో దానిని సర్వజనుల ధ్యానమునకై ధర్మకర్తల పరము చేసెను: అచట విగ్రహపూజ కూడదు, ఏ మతమువారి దైవమునైనను నిందింపఁగూడదు, మద్యమాంసములు రాఁగూడదు, ఏఁటేఁట నొక మేళా జరగవలెను. తండ్రి ధర్మకర్తల పత్రము సొత్తును దాఁచుటకుఁ బుట్టినది. కొడుకు పత్రము దానిని నలుగురకుఁ బంచుటకుఁ బుట్టినది. ఆ నేలమీఁదనే 1901 లో రవీంద్రనాథుఁడు పాఠశాల పెట్టెను.

1905 జనవరి 19 వ తేదిని ఎనుబదియేడేండ్ల ప్రాయమున దేవేంద్రనాథుఁడు జోడాసాంకో గృహముననే పరలోకగతుఁడయ్యెను. వార్ధకమునఁ జూపు తగ్గి తానై చదువుకొనలేకపోయిన కాలమున, ప్రతినెల రెండవనాఁడో మూఁడవనాఁడో జమీను లెక్కలను రవీంద్రనాథుఁడు చదివి వినిపింపవలసియుండెను. మొదట మొత్తములను విని, గడచిన సంవత్సరపు లెక్కతో సరిపోల్చుకొని, యంకెలను మనస్సులోనే చిత్రమువలె నిలుపుకొనెడివాఁడు. ఎచ్చటనైన నొక లోపమున్నయెడల దానిని చప్పున దాఁటించివేయుటకుఁ గుమారుఁడు ప్రయత్నించెడివాఁడు. కన్నులు మూసికొని కూర్చున్న యా వృద్ధుఁడు సరిగా నచటనే యాపి ప్రశ్న వేసెడివాఁడు.